ఆఖరి ఫారం

ఇక్కడి నుంచి కదలొద్దని చెప్పి కానిస్టేబుల్ లాజరస్ వెళ్ళిపోయాడు. తప్పిపోయిన మనిషి తప్పిపోయిన చోటికే తిరిగొస్తాడట, తన సర్వీసులో ఎన్నో చూశాడట. "నువ్వు గూడా యాడికన్నా పోయినావంటే ఇద్దర్ని వెతకాల నేను. ఈ బెంచీ కాడే ఉండు తల్లీ" అన్నాడు. ఉన్నాను. సిమెంటు బెంచీ, దాని ముందు ఇసకలో మా నాయన చెప్పులు. పక్కపక్కనే, బుద్ధిగా, ముందువైపు సముద్రానికి పెట్టి. మనిషి లేడు. పొద్దు వెనక సరుగుడు తోపు మీదికి దిగుతోంది, నా నీడ చెప్పులు దాటి తడి ఇసక దాకా పోయింది. నేను కదలకపోయినా నీడ కదులుతూనే ఉంది. నెల్లూరులో కొరియర్ ఆఫీసులో రోజంతా నిలబడి పార్సిళ్ళు ఎక్కించి దించే మనిషిని, రెండు నిమిషాలు ఖాళీగా ఉంటే కాళ్ళు దురదపెట్టే మనిషిని, నన్ను ఒక చోట పాతేసి పోయాడు ఆయన. పాత జానపద నవలల్లో ముని ఇసకలో కర్రతో గీత గీసి, నేను వచ్చేదాకా ఈ గీత దాటకు అంటాడే, అట్లా. గీత దాటనివాడి గురించి ఆ తర్వాత ఒక్క పేజీ కూడా ఉండదు. కథంతా దాటినవాడితో పోతుంది. దాటనివాడు లోపల నిలబడి ఏం చేశాడో, ఎన్నిసార్లు గోళ్ళు కొరికాడో ఏ రచయితా రాయలేదు. ‘అది అలా ఉండగా, అక్కడ రాకుమారుడు...’ అని పోతారు. అది అలా ఉండగా అన్నారే, ఆ ‘అది’ని నేను. అలా ఉన్నాను.

చేపల వేపుడు కోసం పోయాను, అంతే. మా నాయనకు వంజరం ముక్కలంటే ప్రాణం, ఆ రుచి మాత్రం ఇంకా మర్చిపోలేదు, అందుకే ఆదివారం పూట ఆటో మాట్లాడుకుని, మా ఆయన హరినాథ్‌ను కూడా బయల్దేరదీసి మైపాడు వచ్చాను. బెంచీ మీద కూర్చోబెట్టి, ఇక్కడే ఉండు నాయనా అని చెప్పి (అదే మాట ఇప్పుడు నాకు లాజరస్ చెప్పాడు), జయశీలక్క బండి దగ్గర నిలబడ్డాను. హరినాథ్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ అటు నడిచాడు. నూనె చిటపటలాడుతోంది. కారం తక్కువేయక్కా, పెద్దాయనకి అన్నాను. వెనక్కి తిరిగేసరికి బెంచీ ఖాళీ. నవలల్లో వెనక్కి తిరిగి చూసినవాళ్ళకు కదా చెడు జరిగేది. నాకు చూడనందుకు జరిగింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మెడ తిప్పి ఉంటే. నూనె చూస్తున్నాను నేను. నూనెలో ముక్క ఎర్రబడటం చూస్తున్నాను. ఆ పొట్లం ఇంకా చేతిలోనే ఉంది, కాగితం నూనె పీల్చుకుని అద్దంలా అయింది, లోపలి ముక్కలు కనిపిస్తున్నాయి, చల్లారిపోయాయి, ఆయన చల్లారితే తినడు.

"కూర్చోమ్మే, కాళ్ళు లాగవా నీకు?" జయశీలక్క బండి దగ్గర్నుంచి కేకేసింది. తల అడ్డంగా ఊపాను. కూర్చుంటే ఆయన రాడనిపిస్తోంది. నిలబడితే వస్తాడా? అదీ తెలియదు. ఫోన్ మోగింది. హరినాథ్. ఎవరిదో బండి అడిగి తీసుకుని ఉత్తరం వైపు ఒడ్డెమ్మటి పోయాడు. "ఇటు లేడు భానూ. వలలు లాగే వాళ్ళని గూడా అడిగినా. ఇంకొంచెం పోయి చూస్తా" అన్నాడు. ఆయన గొంతు వెనక గాలి. ఇక్కడా అదే గాలి. ఒకే గాలి రెండు చోట్ల నుంచి ఒకే చెవిలోకి. లేడు అనే మాట ఎంత చిన్నది. రెండక్షరాలు. నెల్లూరులో మా నాయన పుస్తకాల కొట్లో ఎవరైనా పుస్తకం అడిగితే తల ఎత్తకుండా అనేవాడు, లేదు, బయటుంది, రేపు రా. బయటుంది అంటే ఎవరో చదువుతున్నారని. పోయిందని కాదు. నాయనా, నువ్వు బయటున్నావు, అంతే.

ఈ సముద్రం వెధవ సముద్రం. చిన్నప్పుడు నాకు తెలిసిన సముద్రం ఇదొక్కటే. ఏడు సముద్రాలు దాటి అని పుస్తకంలో వస్తే ఏడుసార్లూ మైపాడునే దాటేదాన్ని నేను. పాలసముద్రానికి దీనికే సున్నం కలిపేదాన్ని, రక్తసముద్రానికి కుంకుమ. రాక్షసుడి కోటకి పెన్నా బ్యారేజీ గేట్లు పెట్టాను, మాంత్రికుడి గుహకి మా వీధి చివర ఐసు ఫ్యాక్టరీ, అందులోంచి వచ్చే చల్లటి పొగ. నిజం మాట్లాడే గుర్రానికి మా ఇంటి ముందు జట్కా గుర్రం మొహం వచ్చింది, ఈ నాటికీ అదే మొహం. ఊరంతా నిద్రపోతుంటే వంటవాడొక్కడే మేలుకుని గరిటె తిప్పే నగరం ఒకటుంది ఏదో పుస్తకంలో. కథ మర్చిపోయాను, రాజు పేరు మర్చిపోయాను, ఆ గరిటె చప్పుడు మర్చిపోలేదు. వీపు గోకితే దారి చెప్పే ముసలిది. నవ్వితే పళ్ళ సందుల్లోంచి గబ్బిలాలు ఎగిరే మాంత్రికుడు. ఇన్నేళ్ళలో ఎన్ని ముఖ్యమైనవి మర్చిపోయాను, పరీక్షలకు చదివినవన్నీ పోయాయి, మా అమ్మ గొంతు కూడా పల్చబడింది, ఈ గబ్బిలాలు మాత్రం పోవు. మా నాయనకూ అంతేనేమో. అన్నీ ఒక్కొక్కటే జారిపోతున్నాయి, నా పిల్ల పేరు, తిన్నామా లేదా, బాత్రూం ఏ వైపు. అవన్నీ పోగా అడుగున ఏం మిగులుతుంది? గబ్బిలాలే మిగులుతాయి. అల పెద్దది వచ్చింది. చెప్పులకు ఇంకా దూరంగానే ఆగింది. ఇందాకటి కన్నా దగ్గరగా ఆగిందా? నీళ్ళు పైకొస్తున్నాయా?

మైకు మోగింది. కిషోర్ బాబు ఆటో. సాయంత్రం కూటానికి రమ్మని ఊళ్ళో చాటింపు వేస్తూ తిరిగే చర్చి ఆటో అది, పైన రెండు గొట్టాలు కట్టి ఉంటాయి. లాజరస్ దాన్ని ఆపి, కాసేపు దేవుణ్ణి పక్కన పెట్టి ఈ ముసలాయన్ని పిలవరా అబ్బయా అని పురమాయించాడు. కిషోర్ బాబుకి వచ్చిన భాష ఒకటే. "ప్రియులారా, హజరత్తయ్య గారు అను వృద్ధులు, తెల్లని చొక్కాయు నీలి గళ్ళ లుంగీయు ధరించినవారు, ఈ సముద్రతీరమున తప్పిపోయి యున్నారు. హజరత్తయ్య గారూ! హజరత్తయ్య గారూ! మీరెక్కడ నున్నను మీ కుమార్తె యొద్దకు రండి." వేరే రోజైతే నవ్వొచ్చేది. మా నాయనకైతే ఇంకా నవ్వొచ్చేది, గ్రాంథికం ఎవరు మాట్లాడినా కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వేవాడు. పేరు గాల్లో సాగి, సరుగుడు చెట్లకు తగిలి, తిరిగి వచ్చింది. రత్తయ్యా... అయ్యా... దర్గాకి మొక్కుకుంటే పుట్టాడని పెట్టిన పేరు. ఆ పేరు వినబడితే ఎక్కడున్నా పలకాలి కదా మనిషి.

పలకటం లేదు. వానలు మొదలైనప్పటి నుంచి ఆయన పేరుకి పలకటం లేదు. మొన్న నెల్లూరులో డాక్టరు దగ్గర కూడా అంతే. డాక్టరు మెల్లగా, ముద్దుగా అడిగాడు, మీ పేరేంటి పెద్దాయనా? మా నాయన పెదాలు బిగించాడు. మళ్ళీ అడిగితే నా వైపు చూసి, కళ్ళు చిట్లించి, తల కొంచెం అటూ ఇటూ ఊపాడు. ఊరు చెప్పాడు, నెల అడిగితే తప్పు చెప్పాడు, పేరు మాత్రం చెప్పలేదు. సొంత పేరు మర్చిపోయే దశ వచ్చింది, ఇక మీరు సిద్ధపడాలి అన్నాడు డాక్టరు. ఆటోలో ఏడ్చాను. మా నాయన నా వైపు చూసి కన్ను కొట్టాడు. అది కన్ను కొట్టటమేనా? రెప్ప అదిరిందేమోలే అనుకున్నాను అప్పుడు. దిక్కుమాలిన బుర్ర, ఇప్పుడెందుకు అది మళ్ళీ మళ్ళీ వేసి చూపిస్తోంది, ఆ రెప్ప, ఆ మూల నవ్వు. మర్చిపోయినవాడి మొహంలో భయం ఉంటుంది, ఇంట్లో చూస్తూనే ఉన్నాను కదా, తలుపు గడియ ఎటు తిప్పాలో తెలియనప్పుడు ఆయన మొహం. డాక్టరు దగ్గర భయం లేదు. ఏదో దాచిపెట్టినవాడి మొహం అది. కౌంటరు వెనక మొహం.

కౌంటరు వెనక ఆయన ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు. అద్దె పుస్తకాల కొట్టు, సందులో, రెండు పక్కలా బీరువాలు. జానపద నవలలు తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి ఇచ్చేవాళ్ళు కాదు, పిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు, మిల్లు గుమాస్తాలు, అందరూ దొంగలే. దానికి మా నాయన ఒక ఉపాయం చేశాడు. పుస్తకం కొత్తగా రాగానే బ్లేడుతో కుట్టు తెంపి చివరి పదహారు పేజీలు, ఆఖరి ఫారం, ఊడదీసేవాడు. మిగతాది గుడ్డ అట్ట వేసి అద్దెకిచ్చేవాడు. ఆఖరి ఫారాలన్నీ కౌంటరు వెనక తీగ మీద వేలాడేవి, మైపాడులో ఎండుచేపలు వేలాడినట్టు. ఎవరు ఏం చదివినా ముగింపు కొట్లోనే. పుస్తకం తెచ్చివ్వాలి, ఆయన పేజీలు తిప్పి చూసుకోవాలి, అప్పుడు తీగ మీంచి ఫారం దించి ఇస్తాడు, స్టూలు మీద కూర్చుని అక్కడే చదివి పోవాలి. చదివేటప్పుడు ఎవరైనా అయ్యో అన్నారా, "నోరు మూసుకోని చదవరా, నీ పక్కనోడు ఇంకా మూడో అధ్యాయంలో ఉండాడు" అని కసిరేవాడు. మధ్యాన్నం అన్నం తినటానికి వెనక గదిలోకి పోయినా సరే, గుమ్మంలో ఎవరో అన్నా, ఆఖరి ఫారం అని కేకేసేవాళ్ళు. పుస్తకం పట్టుకుని, ఆయాసపడుతూ, రాక్షసుడి కత్తి గాల్లో ఉండగా పేజీ అయిపోయినవాళ్ళు. చేయి కడుక్కోకుండానే లేచి వచ్చేవాడు. నాక్కూడా మినహాయింపు లేదు. యజమాని కూతురైతే ఏంది, పుస్తకమిచ్చి ఫారం తీసుకో అనేవాడు. స్టూలు మీద కూర్చునే ఓపిక నాకుండేది కాదు, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో పిక్క గోక్కుంటూ చదివేసేదాన్ని. "కూర్చోని చదవ్వే. ముగింపు యాడికీ పారిపోదు." పారిపోదా నాయనా? ఇప్పుడు చెప్పు ఆ మాట.

లాజరస్ తిరిగొచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని. పోలీసు టోపీ తీశాడంటే మంచి కబురు కాదు. "తోపులో లేడమ్మా. బస్సు కాడా చూసినాము. పడవల కాడా కేకలేసినాము" అన్నాడు. తర్వాత చెప్పుల వైపు చూశాడు. అంతదాకా ఎవరూ చెప్పుల గురించి మాట్లాడలేదు. జయశీలక్క స్టవ్వు ఆర్పి వచ్చి నిలబడింది. "చెప్పులిట్ట విడిచి పెట్టినాడంటే లాజరన్నా..." అని, నా మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పూర్తి చేయని వాక్యం. ఆఖరి ఫారం ఊడదీసిన వాక్యం. నీళ్ళల్లోకి. నీళ్ళల్లోకి పోయేవాడే చెప్పులు విడుస్తాడు, సముద్రం వైపు పెట్టి విడుస్తాడు. మా నాయనకు ఈత రాదు. "వెలుగుండగానే ఒక పడవ దించమని చెప్తా. మంచికేలే తల్లీ, ఒకసారి చూస్తే మంచిది గదా" అన్నాడు లాజరస్, మంచి అనే మాట రెండుసార్లు వాడి. అటు పోతున్నాడు. కిషోర్ బాబు గొంతు ఇప్పుడు ఇంకా మెత్తబడింది, వాళ్ళ పెద్దలు నేర్పిన మెత్తదనం, "హజరత్తయ్యా... నాయనా హజరత్తయ్యా... మిమ్మును ప్రేమతో పిలుచుచున్నాము... భయపడకుము..." ఎక్కడ విన్నాను ఇది? ఇంత ముద్దుగా పేరు పెట్టి పిలవటం, సముద్రం పక్కన, చీకటి పడబోతుండగా. వినలేదు. చదివాను.

దీవి పుస్తకం. అట్ట చిరిగి, పేరూ రచయితా దానితోపాటే పోయి, మా నాయన గుడ్డ అట్ట మీద దీవి అని మాత్రం రాసిన పుస్తకం. ఒక పడవవాడు, వాడి స్నేహితులు, మూలిక కోసం ఒక దీవికి పోతారు. ఆ దీవిలో గాలి పేరు పెట్టి పిలుస్తుంది. పలికితే రాయైపోతారు. మొదట గద్దించి పిలుస్తుంది, ఎవరూ పలకరు. తర్వాత ముద్దుగా పిలుస్తుంది, అమ్మలా, నాయనా అంటుంది, భయపడకు అంటుంది. అప్పుడు అందరిలోకీ బలవంతుడు, పెద్ద స్నేహితుడు, ఆఁ అంటాడు. బొమ్మ వేశారు దానికి, నల్ల సిరాతో, రాయి, ఆ రాతికి తెరిచిన నోరు, ఆ నోట్లో ఒక ఎండ్రకాయ. ఆ బొమ్మ చూశాక చాన్నాళ్ళు మా అమ్మ భానూ అని పిలిస్తే మూడో పిలుపు దాకా పలికేదాన్ని కాదు, చెంపదెబ్బలు తిన్నాను. మా నాయనే వెనకేసుకొచ్చాడు, దీవి పుస్తకం చదువుతుండాదిలే, కొట్టబాక అని. తర్వాత మేమిద్దరం ఆట ఆడేవాళ్ళం. సందులో నేను ముందు నడుస్తుంటే వెనక నుంచి పిలిచేవాడు, నేను పలికితే ఓడినట్టు. ఆయన్ని నేను పిలిస్తే, పెదాలు బిగించి, కళ్ళు చిట్లించి, తల కొంచెం అటూ ఇటూ...

డాక్టరు ముందు చేసింది అదే.

మర్చిపోలేదు. ఒరే నాయనా. పేరు మర్చిపోలేదు నువ్వు. కాపాడుకుంటున్నావు. అన్నీ జారిపోతుంటే ఆ ఒక్కటీ గట్టిగా పట్టుకుని, ఎవడు ఎంత ముద్దుగా అడిగినా ఇవ్వకుండా కూర్చున్నావు. మరి చెప్పులు? దీవిలో దిగేవాళ్ళు చెప్పులు పడవలోనే విడిచి దిగాలి, చప్పుడైతే గాలి మేలుకుంటుంది. ఉంది ఆ పేజీ, ఉంది, చెప్పుల వరుస పడవలో. ఈ బెంచీ పడవ. ఆయన దిగింది నీళ్ళల్లోకి కాదు, దీవిలోకి. ఈ ఇసక దీవి. రాళ్ళేవి? చుట్టూ చూశాను. మైపాడులో రాళ్ళెక్కడివి, అంతా ఇసకే. దక్షిణం వైపు ఒడ్డు మీదికి లాగి బోర్లించిన పడవలు, టార్పాలిన్లు కప్పినవి, పొద్దు వాటి వెనక పడి అన్నీ నల్లగా, గుండ్రంగా, వరసగా. అక్కడా వెతికారు. పేరు పెట్టి కేకలేస్తూ వెతికారు. ఎంత పిలిస్తే అంత ముడుచుకుని ఉంటాడు. ఊరంతా మైకు పెట్టి మా నాయన్ని దాక్కోమని చెబుతోంది.

గీత దాటాను. చేపల పొట్లం చెప్పుల పక్కన పెట్టి పరిగెత్తాను. "అమ్మే, యాడికి?" జయశీలక్క అరుస్తోంది. ఎక్కడికి అని అడక్కూడదక్కా, ఎవరినీ అడక్కూడదు. ఆటో కిటికీలోంచి చేయి పెట్టి మైకు పట్టుకున్నాను. కిషోర్ బాబు అదిరిపోయాడు. "పేరు పిలవద్దు, ఆపు. పేరు పిలవద్దు." "పేరు పిలవకుంటే ఎట్టక్కా వచ్చేది?" అన్నాడు వాడు, న్యాయమే. మైకు నా చేతిలో ఉంది. నోటి దగ్గర పెట్టుకున్నాను. ఏమని? ఊపిరి మాత్రం పెద్దగా వినబడింది ఊరంతటికీ. మా కొట్టు గుమ్మంలో నిలబడ్డాను. వెనక గదిలో అన్నం తింటున్నాడు. నా చేతిలో పుస్తకం, పేజీలు అయిపోయాయి, కత్తి గాల్లో ఉంది.

"అన్నా!" అన్నాను. "అన్నా, ఆఖరి ఫారం!"

సరుగుడు చెట్ల నుంచి తిరిగొచ్చింది. ఏమీ కదల్లేదు. పడవ దించబోతున్నవాళ్ళు ఆగి ఇటు చూశారు. లాజరస్ టోపీ పెట్టుకున్నాడు, దీనికి మతి పోయింది అనుకుని ఉంటాడు. "అన్నోయ్, పుస్తకం అయిపోయింది! ఆఖరి ఫారం కావాల!" గొంతు చీలింది. నా గొంతు నాకే ఎవరో మిల్లు గుమాస్తా గొంతులా వినబడింది. అలలు. ఒక కాకి. ఇంకోసారి పిలవటానికి ఊపిరి తీసుకుంటుంటే, నాలుగో పడవకీ ఐదో పడవకీ మధ్య, వలల కుప్ప కదిలింది. కుప్పలోంచి తెల్లటి తల లేచింది. లుంగీ ఇసక దులుపుకుని, విసుక్కుంటూ, భోజనం మధ్యలో లేపినప్పుడు ఎట్లా వస్తాడో అట్లా వస్తున్నాడు.

"వస్తుండా, వస్తుండా. కొంపలేం మునగలేదు గదా."

అందరూ ఒక్కసారి కదిలారు. చేయి అడ్డం పెట్టి ఆపాను. ఎదురుపోయాను, పరిగెత్తకుండా, పరిగెత్తితే ఈ కౌంటరు మనిషి కూడా జారిపోతాడేమోనని. వట్టికాళ్ళతో నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. గడ్డం మీద ఇసక. కళ్ళు నా చేతుల మీద ఉన్నాయి, ముందు కుడి చేయి, తర్వాత ఎడమ చేయి.

"పుస్తకమేదీ?"

"ఇంటికాడ మర్చిపోయినా అన్నా."

"అందరూ చెప్పేదదే. పుస్తకం ఇయ్యందే ఫారం ల్యా."

"రేపు తెచ్చిస్తా. ఒట్టు."

"ఒట్లు పెట్టినోళ్ళ పుస్తకాలు ఒక బీరువా నిండా బయటుండాయి" అన్నాడు. తర్వాత, కొట్లో ఎప్పుడూ ఆ తర్వాత అడిగే ప్రశ్న అడిగాడు. "ఏ పుస్తకం?"

"దీవి."

ఆయన మొహం మారింది. ఆ ఒక్క పుస్తకం ముగింపు నేను చదవలేదు. తుపాను వచ్చిన ఏడాది కొట్లోకి నీళ్ళొచ్చి తీగ తెగి, కింద పడిన ఫారాల్లో అదొకటి. ముద్దైపోయింది. ఏమయిందో చెప్పు నాయనా అని పెళ్ళయ్యాక కూడా అడిగాను. చెప్పింది ముగింపు కాదు, చదివిందే ముగింపు అని నోరు విప్పలేదు, అంత మొండి. "దాని ఫారం తడిసిపోయిందే" అన్నాడు ఇప్పుడు, ఎవరికో అన్యాయం చేసినవాడిలా. బెంచీ దగ్గరకు వచ్చాం. చెప్పులు చూసుకున్నాడు, వేసుకోలేదు. పొట్లం చూశాడు, వాసన చూశాడు, చల్లారిందని పక్కన పెట్టాడు. "మా అమ్మాయీ అడగతా ఉంటది దాని కోసరం. దానికి చెప్పలా నేను. నిలబడి చదివే రకం అది, గుర్రం మాదిరి." బెంచీ మీద అరచేత్తో తట్టాడు. "నువ్వు కూర్చో. చెప్తా."

కూర్చున్నాను. మధ్యాన్నం నుంచి మొదటిసారి. సిమెంటు ఇంకా వేడిగా ఉంది. లాజరస్, కిషోర్ బాబు, జయశీలక్క బండి దగ్గరే ఆగిపోయారు, ఎవరూ దగ్గరికి రాలేదు.

"రాళ్ళయినోళ్ళు మళ్ళీ మనుషులైనారా?" అన్నాను.

"యాడవుతారు? రాళ్ళు రాళ్ళే." సముద్రం వైపు చూస్తూ చెప్పాడు, తడబడకుండా, పేజీ కళ్ళ ముందున్నట్టు. "మూలిక తీసుకోని పడవోడు ఒక్కడే ఒడ్డుకొచ్చినాడు. పడవ కొట్టుకపోతా ఉండాది. ఆ దీవికి రేవు ల్యా, పడవ కట్టేదానికి ఒక గుంజ ల్యా. అందుకే గదా ముందు పోయినోళ్ళెవరూ తిరిగి రాలా. వీడేం చేసినాడు? తాడు తీసి స్నేహితుడి నడుముకి కట్టినాడు. ఆ రాయికి. పడవ నిలిచింది. తరువాత వచ్చినోళ్ళు గూడా ఆ రాళ్ళకే కట్టుకున్నారు. అట్ట ఆ దీవికి రేవు ఏర్పడింది." ఆగాడు. "అంతే. అయిపోయింది. పో ఇంక, ఇంకెవరన్నా వస్తారు."

నేను లేవలేదు. అల వచ్చి, చెప్పుల దాకా రాకుండానే ఆగి, పోయింది. ఆయన పొట్లం విప్పి, చల్లారిన ముక్కే ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు. వెనక నుంచి బండి చప్పుడు, ఆగింది, ఇసకలో పరిగెడుతున్న అడుగులు, హరినాథ్ గొంతు, గాలిలో సగం పోయి, ఆత్రంగా, ముద్దుగా.

"భానూ!"

నూనె చేయి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. నా వైపు చూడకుండానే, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు.

"పలకబాక."

అది నా పేరని ఆయనకు తెలుసు.

"భానూ! దొరికినాడా?" అంటున్నాడు హరినాథ్, ఇంకా దగ్గరగా. పెదాలు బిగించాను. సముద్రం వైపే చూస్తూ, ఇద్దరం, మూడో పిలుపు కోసం కూర్చున్నాం.